కిటికీ చెయ్యి

ఆ షెడ్డులో కుడి, ఎడమ అనే మాటలు వినపడేవి కావు. కిటికీ చెయ్యి, గోడ చెయ్యి. అంతే.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది వింతగా ఉండేది గానీ, లోపలికి వచ్చి ఒక్క నిమిషం నిలబడితే సంగతి తెలిసిపోయేది. షెడ్డు మధ్యలో పొడుగాటి పనిబల్ల. దాని ఒక కొసన కిటికీ, రెండో కొసన గోడ. బల్లకి అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలబడి అన్నదమ్ములు పనిచేసేవారు. అన్న పెద్ద మేస్త్రి, కుడిచేతి వాటం. తమ్ముడు చిన్న మేస్త్రి, ఎడమచేతి వాటం. ఎదురెదురుగా నిలబడ్డారు కాబట్టి, మనిషీ అద్దంలో మనిషీ అన్నట్టు, పనిచేసే చేతులు రెండూ కిటికీ వైపే ఉండేవి. ఇద్దరి చిత్రికలూ కిటికీ దగ్గర మొదలై గోడ వైపే నడిచేవి. గోడ కొసన బల్లకి బిగించిన ఒకే ఒక్క అడ్డుకర్ర ఇద్దరి చెక్కల్నీ జారకుండా ఆపేది. ముప్ఫై ఏళ్ళు అలా గడిచాయి. తలుపులు, పెట్టెలు, బీరువాలు ఆ బల్ల మీద నుంచి ఎన్ని దిగాయో వాళ్ళకే తెలియదు.

ఆ మాట పుట్టింది మాత్రం పని కోసం కాదు.

తమ్ముడికి ఏడేళ్ళప్పుడు తండ్రి వాడి ఎడమ చేతిని సుతిలి తాడుతో బల్లకోడుకి కట్టేసేవాడు. "పుర్రచెయ్యోడా, చెయ్యి మార్చుకో" అనేవాడు. తండ్రి కూడా చెయ్యి తిరిగిన వడ్రంగే, కసాయివాడేమీ కాదు. ఎడమ చేత్తో పనిచేసేవాడికి ఎవరూ పని ఇవ్వరని ఆయన భయం. ఉలి కుడి చేతిలోకి వస్తే గానీ తాడు విప్పేవాడు కాదు. తండ్రి అటు వెళ్ళగానే పదకొండేళ్ళ అన్న బల్ల కిందికి దూరి ఆ ముడి విప్పేవాడు. అడుగుల చప్పుడు వినపడితే మళ్ళీ కట్టేవాడు, కాస్త వదులుగా. ఒకరోజు బల్ల కింద కూచునే తమ్ముడి చెవిలో చెప్పాడు: "ఒరేయ్, ఇకమీదట మనకి కుడీ లేదు, ఎడమా లేదు. నాదీ కిటికీ చెయ్యే, నీదీ కిటికీ చెయ్యే. సరేనా?" తమ్ముడు ముక్కు తుడుచుకుని తలూపాడు.

పిల్లల మాట పెద్దల నోటికెక్కడానికి ఎంతసేపు? రెండేళ్ళు తిరిగేసరికి తండ్రే తమ్ముడితో నోరుజారి "కిటికీ చేత్తో గట్టిగా పట్టుకోరా" అన్నాడు. ఆ రోజుతో తాడు మూలకి పోయింది.

పెద్ద మేస్త్రికి ఒకే ఒక్క వ్యసనం ఉండేది. కల్లూ సారా కాదు, పేకాట కాదు. పరదేశపు పనిముట్లు. ఒకసారి ఎవరో పుస్తకాల బీరువా చేయించుకుంటూ పాత క్యాటలాగు ఒకటి షెడ్డులో మర్చిపోయారు. భాష రాకపోయినా బొమ్మలు చూస్తూ ఆ పుస్తకాన్ని నలిపేశాడు మేస్త్రి. తర్వాత కూతురికి కంప్యూటరు వచ్చాక, ఎక్కడెక్కడి దుకాణాలో తెరమీదికి వచ్చి వాలాయి. కూతురు బడిలో పాఠాలు చెబుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే "అమ్మా, ఇందులో ఏం రాసుందో కాస్త చదివి పెట్టు" అని తయారయ్యేవాడు తండ్రి. రెండేళ్ళకోసారి ఒక్క పనిముట్టు తెప్పించుకునేవాడు.

మొదట వచ్చింది రంపం. దాంతో తోసి కోయబోతే సన్నటి రేకు వంగిపోయి రెండు పళ్ళు ఊడాయి. అది లాగితే కోసే రంపమని కూతురు కాగితం చదివి చెప్పేసరికి అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మనవాళ్ళు తోస్తే కోస్తుంది, వాళ్ళు లాగితే కోస్తుంది" అన్నాడు తమ్ముడు. "వాళ్ళ కాపురాలు కూడా ఇలాగే ఉంటాయేమో అన్నయ్యా. ఇక్కడ మనల్ని తోసేస్తారు, అక్కడ లాక్కుంటారు."

"మీ అన్నయ్యని తోసినా కదలరు, లాగినా రారు" అంది టీ గ్లాసులు పట్టుకొచ్చిన వదిన. "పార్సెల్ వచ్చిందంటే మాత్రం పరుగు."

తర్వాత ఉలులు వచ్చాయి, నున్నచేసే చిన్న చిత్రిక వచ్చింది, గీత గీసే కత్తి వచ్చింది. అన్నీ మంచి ఉక్కు. అన్నీ కుడిచేతివి. చిత్రిక పిడి అరచేతిలో ఒదిగేలా చెక్కి ఉండేది, కుడి అరచేతిలో. గీత కత్తికి ఒకవైపే పదును, కుడిచేతివాళ్ళు గీసే వైపు. తమ్ముడు పిడిని ఆకురాయితో తనకి తగ్గట్టు అరగదీసుకునేవాడు. కత్తిని తిరగేసి, మణికట్టు మెలితిప్పి గీసేవాడు. ఎప్పుడూ ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాడు అన్న.

ఒకరోజు మధ్యాహ్నం కూతురు తెర తిప్పి చూపించింది. పలక అంచు వెంట మెట్టులా గాడి తీసే చిత్రిక అది. బీరువా తలుపు చేసేటప్పుడు ఆ మెట్టులోనే ఇంకో పలక కూచుంటుంది. బ్లేడు ఏటవాలుగా ఉంటుంది. పక్కన ఒక పట్టీ చెక్క అంచుని ఆనుకుని నడుస్తుంది. అందుకే దాన్ని అటూ ఇటూ తిప్పి వాడడం కుదరదు. కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి విడిగా చేస్తారు. తెరమీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి, కవల పిల్లల్లా.

తమ్ముడు చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చాడు. రెండో బొమ్మ మీద వేలు పెట్టాడు, తెరమీద వేలిముద్ర పడేలా.

"ఇది నాది" అన్నాడు. "అంటే లోకంలో నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారన్నమాట. ఎవడో కూచుని మాకోసం కూడా చేస్తున్నాడు" అన్నాడు. యాభై దాటినవాడి మొహం ఏడేళ్ళవాడిలా అయిపోయింది.

ఆ వారంలో రెండు బీరువాలు ఇచ్చెయ్యాలి. జిగురు గిన్నెలో గట్టిపడుతోంది. పెద్ద మేస్త్రి తల తిప్పకుండానే అన్నాడు: "రెండెందుకురా, ఒకటి చాలు. కుడిదే తెప్పిద్దాం. నీకు అలవాటేగా, చెయ్యి మార్చుకో."

ఏమన్నాడో అన్నకి మొదట తెలియలేదు. తల తిప్పి చూస్తే తమ్ముడు బల్లకోడు వైపు చూస్తున్నాడు.

"నాన్న అన్నాడంటే సరే" అన్నాడు తమ్ముడు మెల్లగా. "నువ్వు కూడానా అన్నయ్యా?"

చెవి వెనక పెన్సిలు తీసి బల్లమీద పెట్టాడు. నడుముకి చుట్టుకున్న పని బట్ట విప్పి మడిచాడు. బయటికి నడిచాడు. సాయంత్రానికి వస్తాడనుకున్నారు, మర్నాడు వస్తాడనుకున్నారు. పదోరోజున తెలిసింది, యంత్రాలతో చెక్క కోసే ఫ్యాక్టరీలో చేరాడని. "మీటకి ఏ చెయ్యైనా ఒకటే" అన్నాడట అడిగినవాళ్ళతో.

రెండేళ్ళు గడిచాయి. అన్న ఆ చిత్రిక కొననే లేదు, కుడిదీ కొనలేదు, ఎడమదీ కొనలేదు. పొడుగు పలకలు ఒంటరిగా ఎత్తుకునేవాడు. బల్ల ఊడ్చినప్పుడల్లా ఆ పెన్సిలు చుట్టూ ఊడ్చేవాడు. నోట్లోంచి జారిన మాటని వెనక్కి లాగే రంపం ఏ దేశంలోనూ దొరకదు కదా.

ఒకనాడు మరదలు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"బావగారూ, వాళ్ళ ఫ్యాక్టరీ ఇంకో శాఖ తెరుస్తోందట. రెండు రోజుల ప్రయాణం. ఈయన్ని అక్కడికి సూపర్‌వైజరుగా పంపిస్తామంటున్నారు. రెండు నెలల్లో ఏదో ఒకటి చెప్పాలి."

"వాడేమంటాడు?"

"ఏమంటారు! అవునూ అనరు, కాదూ అనరు. నిద్రలో మాత్రం చేతులు ఆడిస్తున్నారు, చిత్రిక పట్టినట్టు." కొంగుతో కళ్ళొత్తుకుంది. "మీరు ఒక్క మాట అంటే ఆగుతారేమో."

పెద్ద మేస్త్రికి మాటల మీద నమ్మకం పోయి రెండేళ్ళయింది. మాటే కదా ఇంత చేసింది. బల్లమీద పెన్సిలు వైపు చూసి అన్నాడు: "మాట కాదమ్మా. వస్తువు తెప్పిస్తాను. వాడికి సరిపోయేది. అది చేతిలో పట్టుకున్నాక కూడా వెళ్ళాలనిపిస్తే వెళ్ళమను. అప్పటిదాకా ఆగమను. మా ఇంట్లో ఎవరికీ చెప్పకు, ముందు వాడు రానీ."

మర్నాడు సాయంత్రమే కూతురిని షెడ్డులో కంప్యూటరు ముందు కూచోబెట్టి, ఆ గాడి చిత్రిక తెప్పించమన్నాడు. తను కిటికీ దగ్గర జిగురు కలుపుతున్నాడు. తమ్ముడి కోసమని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రోజు తను అన్న మాట ఆ పిల్ల కూడా విన్నది మరి. సిగ్గు.

"నాన్నా, ఇక్కడ చేతివాటం ఎంచుకోమంటోంది" అంది కూతురు.

"చేతివాటం ఉన్న పనిముట్టా?" అంది భార్య లోపల్నుంచి. "జాగ్రత్త, ఇంట్లో గిన్నెలు మాయమవుతాయి."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులోనే, చిన్నప్పటి అలవాటు ప్రకారం, ఆ షెడ్డులో ఎప్పుడూ అనే మాటే అన్నాడు. తమ్ముడి చెయ్యిని ఎడమ అనడానికి పదకొండో ఏటి నుంచీ ఆయన నోరు తిరగలేదు.

"కిటికీ చెయ్యిదమ్మా."

కూతురు తలెత్తి చూసింది. కిటికీ పక్కన తండ్రి కుడి చెయ్యి జిగురు గిన్నెలో తిరుగుతోంది. "సరే నాన్నా" అని మీట నొక్కింది.

ఆ తర్వాత ఆరు వారాలు ఆ ఇంట్లో అందరికీ ఒకటే ఆట. "ఇప్పుడెక్కడుంది?" అనేవాడు మేస్త్రి పొద్దున్నే. కూతురు ఫోను చూసి చెప్పేది: దుకాణం నుంచి బయల్దేరింది, విమానం ఎక్కింది, ఏదో ఊళ్ళో దిగి నాలుగు రోజులు కదలకుండా కూచుంది. "అక్కడెవరున్నారు దానికి చుట్టాలు?" అని విసుక్కునేవాడు. రోజూ మరదలు కూడా ఫోను చేసేది. "ఊరికే అడుగుతున్నాను బావగారూ" అనేది. వెనక నుంచి ఒక గొంతు చిన్నగా వినపడేది, "ఎక్కడిదాకా వచ్చిందట?" అని. ఆ గొంతు కోసమే మేస్త్రి ఫోను ఎప్పుడూ జేబులోనే పెట్టుకునేవాడు. ఆ ఆరు వారాలూ ఆయన పదేళ్ళు చిన్నవాడయ్యాడు. తమ్ముడు నిలబడే వైపు బల్లకి నూనె పట్టించాడు. అడ్డుకర్ర కొత్తది బిగించాడు.

పార్సెల్ సుంకం ఆఫీసులో ఆగింది. రమ్మని కబురొస్తే వెళ్ళాడు. అక్కడి ఉద్యోగి పెట్టె మీది కాగితం చదివి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"బ్లేడు అని రాసుంది. ఆయుధమా?"

"ఆయుధమేనండీ. కాకపోతే చెక్క మీదే."

"విప్పి చూపిస్తారా?"

"మీరు చూడాలంటే చూడండి. నేను మాత్రం అటు తిరుగుతాను." మేస్త్రి నిజంగానే గోడ వైపు తిరిగాడు. "దాన్ని ముందు చూడాల్సిన మనిషి వేరే ఉన్నాడండీ."

ఉద్యోగి ఒక మూల చింపి లోపలికి తొంగిచూశాడు. మళ్ళీ టేపు వేసి పెట్టె ముందుకి తోశాడు. "కొత్త పెళ్ళికొడుకులా ఉన్నారే" అన్నాడు నవ్వి. మేస్త్రి కూడా నవ్వాడు. దారంతా పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. ఆ ఒక్క నిమిషం అటు తిరగకుండా ఉండి ఉంటే! ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో.

ఆదివారం పొద్దున్న తమ్ముడు వచ్చాడు. చంకలో మడిచిన పని బట్ట. మర్నాడు ఫ్యాక్టరీలో జవాబు చెప్పాలి. పలకరింపులేమీ లేవు. "వచ్చావా" అన్నాడు అన్న. "వచ్చాను" అన్నాడు తమ్ముడు. నేరుగా తన వైపుకి నడిచి, బల్లమీది పెన్సిలు తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. ఎడమ చెవి వెనక, ఎప్పట్లాగే. అది చూసి అన్న కళ్ళు తుడుచుకున్నాడు, దుమ్ము పడ్డట్టు.

"విప్పు" అన్నాడు.

తమ్ముడు టేపు కోశాడు, కాగితం పొరలు తీశాడు. రాగి రంగు పట్టీ, నల్లటి ఉక్కు, నూనె వాసన. ఎడమ చేత్తో పైకి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పట్టీ ఉండాల్సిన వైపు లేదు. బ్లేడు ఏటవాలూ తిరగబడి ఉంది. వడ్రంగికి అది తెలియడానికి రెప్పపాటు చాలు.

అప్పుడే కూతురు టీ తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. "బాబాయ్! ఎన్నాళ్ళకి!" అంది. ఆనందంగా, తండ్రి వైపు తిరిగి, "ఎలా ఉంది నాన్నా? మీ కిటికీ చెయ్యిదే, కుడిదే పంపించారుగా?" అంది.

"కుడిదా? నేను కిటికీ..." అన్నాడు మేస్త్రి. కూతురు ఒకసారి తండ్రిని చూసింది, ఒకసారి బాబాయి చేతిని చూసింది. ట్రే పక్కన పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తమ్ముడు ఒక పలక తీసి బల్లమీద పెట్టాడు. చిత్రికని కుడి చేతిలోకి మార్చుకున్నాడు. పాదాలు తిప్పి నిలబడ్డాడు, ఎవరిదో పెద్ద చెప్పుల్లో నిలబడ్డట్టు. తోశాడు. ఆ వైపు నిలబడి కుడిచేత్తో తోస్తే చిత్రిక గోడ దగ్గర నుంచి కిటికీ వైపు నడుస్తుంది. కిటికీ కొసన అడ్డుకర్ర లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు. పలక సర్రున జారి, బల్ల దాటి, కిటికీ కింద దబ్బున పడింది.

"ఒరేయ్, వద్దురా, చెయ్యి మార్చకురా!" అని అరిచాడు అన్న. బల్ల చుట్టూ పరుగెత్తుకొచ్చాడు. "నీకోసమేరా. నీదే చెప్పానురా. కిటికీ చెయ్యిది అని చెప్పాను."

"తెలుసు అన్నయ్యా." తమ్ముడు వంగి పలక తీసి, దుమ్ము దులిపి, జాగ్రత్తగా పెట్టాడు. "నువ్వు అబద్ధం చెప్పవు. నాకోసమే చెప్పి ఉంటావు." చిత్రికని కాగితంలో చుట్టాడు. "మంచి ఇనుము. బాగా తెగుతుంది." ఆ తర్వాత, తప్పు పట్టినట్టు కాకుండా, ఏదో ఇప్పుడే తెలిసినట్టు అన్నాడు: "కాకపోతే కిటికీ చెయ్యి అంటే అందరికీ నీ చెయ్యే అన్నయ్యా. నాది కూడా అని మనిద్దరమే అనుకున్నాం."

కూతురు ఏడుస్తూనే అక్కడికక్కడ కంప్యూటరులో దుకాణానికి ఉత్తరం రాసింది. మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది, మర్యాదగానే. వెనక్కి పంపితే తీసుకుంటారట. ఎడమచేతివి మాత్రం చేసేవాళ్ళు ఏడాదికోసారే చేస్తారు, ఈ ఏటివి అయిపోయాయి, పేరు రాసుకుంటామన్నారు. మేస్త్రి తమ్ముడికి ఫోను చేసి అదంతా చెప్పాడు. ఏడాది ఆగమని అడగడానికి ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? అడగలేదు. ఆ మధ్యాహ్నం తమ్ముడు ఫ్యాక్టరీలో సరేనని సంతకం పెట్టాడు. వారం తిరక్కుండా సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. బండి కదిలేటప్పుడు చూస్తే పెన్సిలు ఇంకా వాడి చెవి వెనకే ఉంది. మర్చిపోయాడో, కావాలనే పట్టుకెళ్ళాడో. అన్న గుర్తుచెయ్యలేదు. తిరిగి బల్లమీద పెట్టడానికైనా వస్తాడని.

ఎడమది మరుసటి ఏడు వచ్చింది. ఈసారి మేస్త్రి కూతురి పక్కనే కూచుని, కాగితం మీద తన చేత్తో 'ఎడమ' అని రాసి, తెరమీది మాటతో పోల్చి చూపించమని, రెండుసార్లు అడిగి మీట నొక్కించాడు. సుంకం ఆఫీసులో పెట్టె తనే విప్పాడు. పట్టీ సరైన వైపే ఉంది. అక్కడే నిలబడి ఫోను చేశాడు.

"వచ్చిందిరా. నీదే. చూసుకున్నాను."

అవతల యంత్రాల రొద. తమ్ముడు బయటికి నడుస్తున్నట్టున్నాడు, రొద తగ్గింది. "నీ దగ్గరే ఉంచు అన్నయ్యా. ఇక్కడ చిత్రిక పట్టే పని ఏముంటుంది? పలక లోపలికి వెళ్ళి గాడితో సహా బయటికొస్తుంది."

"ఎప్పుడైనా వస్తే..."

"ఆ, ఎప్పుడైనా వస్తే."

"బల్లమీది పెన్సిలు పట్టుకెళ్ళావు" అన్నాడు అన్న, నవ్వుతున్నట్టుగా.

"అది అరిగిపోయింది అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "చెక్కీ చెక్కీ. పట్టుకోవడానికి కూడా మిగల్లేదు."

వాడకపోతే ఉక్కు తుప్పు పడుతుంది. అందుకని రోజూ పొద్దున్న పని మొదలుపెట్టే ముందు పెద్ద మేస్త్రి బల్ల చుట్టూ తిరిగి తమ్ముడి వైపుకి వెళ్తాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన అక్కడ ఎప్పుడూ నిలబడలేదు. అక్కడ నిలబడితే తెలిసింది, పనిముట్లు వేలాడే రెండో గోడ ఆ వైపు వాడికి వెనక పడుతుందని, ఉలి కావలసిన ప్రతిసారీ ఒళ్ళంతా తిరగాలని. ఒక పలక పెడతాడు. చిత్రికని ఎడమ చేతిలోకి మార్చుకుంటాడు. తోస్తాడు. పొట్టు ముక్కలు ముక్కలుగా రాలుతుంది, గాడి వంకరపోతుంది, మణికట్టు సలుపుతుంది. పలక మాత్రం కదలదు, గోడ కొసన అడ్డుకర్ర ఆపుతుంది.

"ఈ వయసులో ఇదేం పనండీ" అంటుంది భార్య.

"అలవాటవుతుందిలే" అంటాడు. ఇంకోసారి తోస్తాడు.